నలభై ఏడో పేజీ దాచినవాడి ఆస్తి పంపకం

డెబ్బై ఒక్క ఏళ్ల వయసు గలవాడిని, ముప్పై ఒక్క ఏళ్లు ప్రభుత్వం తరఫున కోర్టులో నిలబడి రిటైరైన న్యాయవాదిని, కోర్టు ఆవరణలో 'వాయిదాల సారు' అని ఒకప్పుడు నా వెనకా, ఇప్పుడు నా మొహం మీదా పిలిపించుకుంటున్నవాడిని అయిన నేను, ఎవరి బలవంతమూ ప్రేరేపణా లేకుండా, నా చేత్తో నేనే రాస్తున్న వీలునామా ఇది. నా బుద్ధి స్థిమితంగా ఉందని మా డాక్టరు కాగితం రాసిచ్చాడు. మా ఆవిడని కూడా ఒక ముక్క రాసిమ్మన్నాను. "ఎప్పుడు స్థిమితంగా ఉంది గనక ఇప్పుడు కొత్తగా రాయడానికి?" అంది. అందుచేత డాక్టరు కాగితం ఒక్కటే దీనికి జతపరుస్తున్నాను.

ఇంతకుముందు నేను రాసిన వీలునామాలు రెండూ రద్దు. మొదటిది మా బావమరిది మీద కోపంతో రాసినది. రెండోది ఆ కోపం చాల్లేదని రాసినది.

ఒకటి. మేముంటున్న ఇల్లు నా స్వార్జితమని దస్తావేజులో ఉంది. దస్తావేజు రాయించినవాడిని నేనే కాబట్టి అలా ఉంది. మా ఆవిడ ఇల్లు నడిపిన తీరే లేకపోతే ఆ గోడలు లేచేవి కావు. కనుక ఇల్లు, అందులోని సమస్త సామాను, సర్వహక్కులతో ఆవిడకే చెందాలి. వంటింటి కిటికీ గడియ బాగు చేయిస్తానని ఇరవై రెండేళ్లుగా చెబుతున్నాను. ఆ గడియకు ఇచ్చినన్ని వాయిదాలు నా కేసుల్లో దేనికీ ఇవ్వలేదు. గడియ లేని ఆ కిటికీలోంచి పక్కింటి పిల్లి రోజూ వచ్చి పోతోంది. పిల్లికి తను పాలు పోయడం లేదని మా ఆవిడ వాదన. గిన్నె మాత్రం కిటికీ కిందే ఉంటుంది. ఇన్నేళ్ల రాకపోకల వల్ల పిల్లికి దారి హక్కు ఏర్పడిందని, గడియ బాగైనా ఆ హక్కుకి భంగం కలగరాదని ఇందుమూలంగా తెలియజేస్తున్నాను.

రెండు. మా అబ్బాయిని వకీలుని చేయాలని చదివించాను. నా దగ్గర రెండు నెలలు పని చేశాడు. ఒక రోజు సాయంత్రం ఫైళ్లు బల్ల మీద పెట్టి, "నాన్నా, నాకు అబద్ధం ఆడటం రావడం లేదు" అని వెళ్లిపోయాడు. నన్ను అంత మాట అంటాడా అని ఆరేళ్లు వాడితో ముక్తసరిగా మాట్లాడాను. ఇప్పుడు వాడు పళ్ల డాక్టరు. కుర్చీలో కూర్చున్న ప్రతివాడికీ "అస్సలు నొప్పి ఉండదండీ" అని చెప్పి పన్ను పీకుతాడు. అయినా వాడు అన్నది నిజమే. ఆరేళ్లూ తప్పు నాదే. నా న్యాయశాస్త్ర పుస్తకాలన్నీ వాడికి. చదవడానికి కాదు, వాడి ఆసుపత్రి వసారాలో అద్దాల బీరువా ఖాళీగా ఉంది. రోగులు వాటిని చూసి పంటి నొప్పి మరిచిపోతారు.

మూడు. మా అమ్మాయి లెక్కల టీచరు. ఈ వీలునామాకి నిర్వాహకురాలిగా తననే నియమిస్తున్నాను. ఎందుకంటే ఈ ఇంట్లో కూడికలు సరిగ్గా వచ్చింది దానికొక్కదానికే. నేను కేసుల తేదీలు రాసుకున్న గోడ క్యాలెండర్లు ముప్పై ఒకటీ దానికి. అందులో పదహారోదాన్ని తీసి చూస్తే, ఫిబ్రవరి తొమ్మిదో తేదీ చుట్టూ రెండు సున్నాలు ఉంటాయి. ఒకటి కోర్టు పని, రెండోది బళ్లో దానికి బహుమతి ఇచ్చే రోజు. పెద్ద కేసు ఉందమ్మా అని చెప్పి బడికి వెళ్లలేదు. ఆ కేసు ఆ రోజు వాయిదా పడింది. వాయిదా అడిగింది నేనే. పదకొండు గంటలకే ఖాళీ అయ్యాను, కానీ బడికి వెళ్తే కేసేమైందని అది అడుగుతుందని వెళ్లలేదు. క్యాంటీన్లో టీ తాగుతూ కూర్చున్నాను. ఇది దానికి ఇప్పటిదాకా తెలియదు. నన్ను క్షమించు తల్లీ.

నాలుగు. మా బావమరిదికి, నా వెదురు నిచ్చెన. అది పద్నాలుగేళ్లుగా ఆయన ఇంట్లోనే ఉంది. ఒక్క పూట అని తీసుకెళ్లాడు. అడిగినప్పుడల్లా "ఏ నిచ్చెన బావా?" అని, దాని మీదే నిలబడి అడిగేవాడు. నాలుగోసారికి పై మెట్టు ఎక్కి మరీ అడిగాడు. ఇన్నాళ్లూ అది ఆయన అధీనంలో ఉంది గాని, ఆయనది కాదు. ఈ రోజు నుంచి చట్టప్రకారం ఆయనదే. ఇందుకు ఆయన నాకు కృతజ్ఞుడై ఉండక తప్పదు. పోయినవాడికి కృతజ్ఞత చెప్పుకోవడం ఎంత ఇబ్బందో ఆయన అనుభవించాలని నా కోరిక.

ఐదు. నా దగ్గర పని నేర్చుకుని, ఇప్పుడు నా కుర్చీలోనే ప్రభుత్వ న్యాయవాదిగా కూర్చున్న నా జూనియరుకి నా నల్ల గౌను. ఎడం జేబు చిరిగింది. కుట్టించుకోవద్దు, దాంట్లో ఏదీ దాచడానికి వీలుండదు, అదే మంచిది.

ఒరే అబ్బాయీ, గౌనుతో పాటు నేను నీకు నేర్పిన మాటలు కూడా ఉన్నాయి. అవి వెనక్కి తీసుకుంటున్నాను. "ఆఫీసు నుంచి సూచనలు ఇంకా అందలేదండీ" అని నేను అన్నప్పుడల్లా సూచనలు అంది ఉండేవి, ఫైలు విప్పనిది నేనే. "విషయం పరిశీలనలో ఉంది" అంటే దానివైపు ఎవరూ కన్నెత్తి చూడటం లేదని. "రికార్డు దొరకడం లేదు" అంటే దొరికింది, అదే చిక్కు అని. అన్నిటికంటే ఘనమైనది "నాకున్న సూచనల ప్రకారం" అన్నది. దాని అర్థం, నోరు నాది గాని అబద్ధం ఆఫీసుది అని. అవతలి వకీలు ఏమన్నా జడ్జిగారు కాగితం చూపించమంటారు. మనం చెబితే చూపించమనరు, ప్రభుత్వం తరఫున వచ్చినవాడు కోర్టుని మోసం చేయడని ఆ పెద్దమనుషుల నమ్మకం. ఆ నమ్మకం మన సొంతం కాదు. మన ముందు ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లు నిలబెట్టి ఇచ్చినది. నేను దాన్ని నా సొంత సామానులా వాడుకున్నాను.

ఆరు. మంచినీళ్ల శాఖలో అప్పటి పెద్ద అధికారికి ఏమీ ఇవ్వడం లేదు. ఆయన నాకు తప్పు చేయమని ఎన్నడూ చెప్పలేదు. ఆ తరహా మనుషులు చెప్పరు. ఫైలు నా బల్ల మీద పెట్టి, టీ తాగి, "మీకు తెలియనిదేముంది సార్" అని లేచి వెళ్లాడు. నాకు తెలియనిదేమీ లేదన్న ఆ పొగడ్తకి నేను పొంగిపోయాను. అప్పుడు నాకు యాభై రెండేళ్లు. ఆ వయసులో కూడా అంత తేలిగ్గా పడిపోయానంటే నా మీద నాకే జాలి వేస్తుంది.

ఏడు. ఈ అంశం కింద ఎవరికీ ఆస్తి లేదు. జరిగింది చెప్పాలి.

పంతొమ్మిదేళ్ల కిందట ఆ శాఖలో నీటి పరీక్షకురాలు ఒకావిడ ఉండేది. రోజూ పొద్దున్నే ట్యాంకుల నీళ్లు సీసాల్లో పట్టుకొచ్చి, పరీక్షించి, తాగొచ్చో తాగకూడదో రాయడం ఆవిడ పని. ఒక రోజు రెండో ట్యాంకు నీళ్లు చెడ్డాయి, సరఫరా ఆపి ట్యాంకు కడిగించండి అని పై అధికారికి ఉత్తరం రాసి ఇచ్చింది. ఉత్తరం అందినట్టు ముద్ర వేశారు, నంబరు వేశారు, ఫైల్లో పెట్టారు. ట్యాంకు మాత్రం కడగలేదు. పదకొండో రోజుకి రెండు వీధుల జనం మంచాన పడ్డారు. ప్రాణాలు పోలేదు, అదొక్కటే అదృష్టం. జనం ఆఫీసు మీదికి వచ్చారు. ఎవరో ఒకరి మీదికి తోసెయ్యాలి గనక, పరీక్షకురాలు ముందుగా హెచ్చరించలేదని చెప్పి ఆవిడని ఉద్యోగంలోంచి తీసేశారు.

ఆవిడ కోర్టుకి వచ్చింది. ఉత్తరం రాశానంది. నకలు ఏదమ్మా అంటే, నకలు ఉంచుకోలేదంది. ఆఫీసు ఉత్తరమే కదా, ఆఫీసులోనే ఉంటుందనుకున్నానంది. జడ్జిగారు నా వైపు తిరిగి, "ఏమండీ, అలాంటి ఉత్తరం మీ ఫైల్లో ఉందా?" అన్నారు.

ఫైలు నా చేతిలోనే ఉంది. ఉత్తరం నలభై ఏడో పేజీ. ముందు రోజు నేనే చదివి, పక్కన పెన్సిల్తో గీత పెట్టుకున్నాను. నేను ఫైలు విప్పాను. నలభై ఆరో పేజీ దగ్గర బొటనవేలు పెట్టి గట్టిగా నొక్కి ఉంచాను. "నా కళ్ల ముందున్న పేజీలో అలాంటి ఉత్తరమేదీ లేదండీ" అన్నాను. నా కళ్ల ముందున్నది ట్యాంకు గేటుకి రంగు వేయించిన వివరం. కనుక నేను అబద్ధం ఆడలేదని నా లెక్క. జడ్జిగారు ఫైలు ఇలా ఇవ్వమనలేదు. నాలుగు వాక్యాల్లో కేసు కొట్టేశారు. ఆవిడ లేచి నిలబడి నా వైపు చూసింది. కోపంగా చూస్తే బాగుండేది. ఇంకా వెతుకుతారేమోనన్నట్టు నా చేతిలోని ఫైలు వైపు చూసింది.

నా తెలివికి నేనే ముచ్చటపడుతూ మెట్లు దిగాను. సగం దిగేసరికి భయం పట్టుకుంది. ఫైలు ఇంటికి తెచ్చి, దారం విప్పి, నలభై ఏడో పేజీ బయటికి తీసి, నలభై ఎనిమిదిని ఎర్ర సిరాతో నలభై ఏడు చేసి, చివరిదాకా నంబర్లు దిద్దుకుంటూ పోయాను. తీసిన కాగితం చింపడానికి చేతులు రాలేదు. బీరువా మూడో అరలో పరిచిన పేపరు కింద పెట్టాను.

నెల తిరక్కుండా మా ఆవిడకి దొరికింది. చదివింది. దాన్ని మళ్లీ అక్కడే పెట్టి, పైన కొత్త పేపరు పరిచింది. అప్పట్నుంచి ఏటా అర సర్దినప్పుడల్లా ఒక్క మాట అంటుంది, "మీ కాగితం భద్రంగా ఉంది" అని. పంతొమ్మిదిసార్లు అంది. జీవితంలో నన్ను ఇంతగా హడలగొట్టిన జడ్జి లేడు.

పరీక్షకురాలికి మళ్లీ ఎక్కడా ఉద్యోగం దొరకలేదు. రెండు వీధుల వాళ్లని మంచాన పడేసింది ఈవిడేనని ఊరంతా అనుకుంది. ఇరుగుపొరుగు ఆవిడ చేతి నీళ్లు తాగడం మానేశారు. చివరికి కోర్టుకి ఎదురుగా నకళ్ల దుకాణం పెట్టుకుంది. పైన బోర్డు మీద దుకాణం పేరు లేదు, "అసలు ఇచ్చేముందు నకలు ఉంచుకోండి" అని మాత్రం రాయించింది. వకీలన్నవాడికి రోజూ నకళ్లు కావాలి. ఆ దుకాణం నా గది నుంచి ఇరవై అడుగులు. నేను మాత్రం మూడు వీధులు నడిచి, కాగితాలు నలిపి ఇచ్చే ఇంకో దుకాణానికి పోయేవాణ్ణి. వానొస్తే తడిసేవాణ్ణి. అక్కడ మిషను చెడిపోతే, ఆ వేళ కేసు వాయిదా అడిగేవాణ్ణి. 'వాయిదాల సారు' అన్న పేరుకి కారణం ఇదని జనానికి తెలియదు.

ఎనిమిది. నేను పోయిన తరవాత, నిర్వాహకురాలు నలభై ఏడో పేజీని, నా ఒప్పుకోలు కాగితాన్ని కోర్టులో దాఖలు చేయాలి. కోర్టుకి ఎదురుగా ఉన్న నా ఆఫీసు గది, బల్ల, కుర్చీలు, కిటికీతో సహా పరీక్షకురాలికి చెందాలి.

(ఈ అంశం మీద అడ్డంగా గీత కొట్టాను. చదవడానికి వీలుగానే ఉంచాను. కారణం కింద ఉంది.)

తొమ్మిది. పైన రాసినదంతా మే నెలలో రాసి, సంతకం పెట్టే ముందు నకలు తీయించాలనుకున్నాను. ఈ ఒక్కసారైనా ఆ దుకాణానికే వెళ్దామనిపించింది. వీలునామాని, ఆ పాత కాగితాన్ని పట్టుకుని వెళ్లి నిలబడ్డాను. వాదించి బతికినవాడిని, కాగితాలు బల్ల మీద పెట్టి మిషను వైపు వేలు చూపించాను.

నకళ్లు తీసేవాళ్లు కాగితాలు చదవరని అందరూ అనుకుంటారు. ఆవిడ ప్రతి ముక్కా చదువుతుంది. తన చేతిరాత చూడగానే గుర్తుపట్టింది. మిషను ఆపేసింది. స్టూలు మీద కూర్చుని, ఆ ఒక్క పేజీని చాలాసేపు చదివింది. దాంట్లో ఉన్నది పదమూడు పంక్తులే. తరవాత నా వీలునామా మొత్తం చదివింది. నిచ్చెన దగ్గర చిన్నగా నవ్వినట్టుంది, నేను ప్రమాణం చేసి చెప్పలేను.

"ఇది మీరు పోయాక ఇస్తారా?" అంది.

వీలునామా అంటే అంతేనమ్మా, రాసినవాడు పోయాకే అమల్లోకి వస్తుందని చట్టం చెప్పాను.

"మరి నేను ముందు పోతేనో?" అంది.

ముప్పై ఒక్క ఏళ్లు వాదించాను. అవతలివాడు అడగబోయే ప్రశ్నలన్నీ ముందే రాసుకునే అలవాటు నాది. ఈ ప్రశ్న రాసుకోలేదు. చచ్చాక ఒప్పుకుంటే నన్నెవరూ నిలదియ్యరని, అందరూ పాపం పెద్దాయన అంటారని, ఇది కూడా నేను అడుగుతున్న ఇంకో వాయిదా అని, ఆ స్టూలు ముందు నిలబడితే గాని నాకు తెలియలేదు. తప్పయిపోయిందమ్మా అన్నాను. ఆవిడ ఫర్వాలేదని అనలేదు. అనకపోవడం న్యాయమే.

"గది నాకొద్దు. గది తీసుకుంటే గది కోసం కాగితం పుట్టించారంటారు. కాగితం ఇప్పించండి చాలు" అంది. నకళ్లు మాత్రం మూడు తీసింది. ఒకటి తనే ఉంచుకుంది.

పది. దరిమిలా నేను ఒప్పుకోలు కాగితం రాసి, పోయిన వారం మంగళవారం నాడు నలభై ఏడో పేజీతో సహా కోర్టులో స్వయంగా దాఖలు చేశాను. ఇప్పుడున్న జడ్జిగారు మా అమ్మాయి ఈడు మనిషి. కాగితం చదివి, కళ్లద్దాలు తీసి, "ఇది మీకు ఎవరో చెప్పిన సంగతా?" అన్నారు. కాదండీ, నేనే చూశాను, నేనే దాచాను అన్నాను. ప్రభుత్వం తరఫున మా జూనియరు లేచాడు. వాడి నోటి వెంట నేను నేర్పిన మాటల్లో ఏది వస్తుందోనని హడలిపోయాను. వాడు అసలు ఫైలు తీసుకెళ్లి జడ్జిగారి బల్ల మీద పెట్టి, "ఎర్ర సిరాతో దిద్దిన నంబర్లు ఇక్కణ్ణుంచి మొదలవుతాయండీ, మీరే చూడండి" అన్నాడు. వెనక బెంచీలో మా ఆవిడ ఏడ్చింది. ఏమిటే అంటే, "ఇంక ఆ అర నిశ్చింతగా సర్దుకుంటాను" అంది.

పరీక్షకురాలి కేసు మళ్లీ విచారణకి తీసుకున్నారు. ఉత్తర్వు ఈ నెల ఇరవై ఐదున. నా మీద చర్య ఎందుకు తీసుకోకూడదో చెప్పమని నాకూ నోటీసు వచ్చింది. జవాబు రాసి ఇచ్చాను. తీసుకోకూడదనడానికి నాకు కారణమేదీ కనబడటం లేదని రాశాను. వకీలు పట్టా పోవచ్చు. ఇంకేమైనా కూడా కావచ్చు. మా అబ్బాయి రోజూ ఫోను చేస్తున్నాడు. వారంలో మేము మాట్లాడుకున్నది ఆ ఆరేళ్లలో మాట్లాడుకున్నదానికంటే ఎక్కువ.

నా ఆఫీసు గది ఇప్పుడు మా అమ్మాయికి. పదకొండో అంశం అంటూ ఏమీ లేదు.

సాక్షుల విషయం. వీలునామా కింద ఏదైనా పొందేవాళ్లు దానికి సాక్షులుగా ఉండకూడదు. మా ఆవిడ, పిల్లలు, జూనియరు, నిచ్చెన కారణంగా బావమరిది, అందరూ పనికిరాకుండా పోయారు. మొదటి సాక్షిగా డాక్టరుని పిలిచాను. రెండో సాక్షి కోసం చూస్తుంటే, పరీక్షకురాలు తనే దుకాణం మూసి వచ్చింది. నేను సాక్షిగా సంతకం పెడితే ఇందులో నాకేమీ రాదు కదా అని రెండుసార్లు అడిగి ఖాయం చేసుకుంది. ఏమీ రాదమ్మా అన్నాను. అయితే ఇలా ఇవ్వండి అని కలం తీసుకుంది. పేరు కింద ఏం పని చేస్తారో రాయాలి. నకళ్ల దుకాణం అని రాస్తుందనుకున్నాను. ఉత్తర్వు ఇంకా రాలేదు, ఇరవై ఐదో తేదీకి ఇంకా రెండు వారాలుంది. ఆవిడ రాసింది చూశాను. దిద్దమని అనలేదు.

ఈ వీలునామా రెండు వేల ఇరవై ఆరో సంవత్సరం జూన్ నెల పదకొండో తేదీ, గురువారం పగలు పన్నెండు గంటలకు, సాక్షుల ఎదుట, ప్రతి పేజీకి నంబరు వేసి, ఏ నంబరూ దిద్దకుండా ముగించి సంతకం చేశాను.

(సంతకం)
వీలునామా రాసినవాడు

సాక్షులు:

1. (సంతకం)
డాక్టరు. బుద్ధి స్థిమితంగా ఉంది. గుండె సంగతి విడిగా మాట్లాడతాను.

2. (సంతకం)
నీటి పరీక్షకురాలు, మంచినీళ్ల శాఖ.